మొదటి కట్ట

పుస్తకాన్ని కూరగాయ కోసినట్టు కోస్తారని నర్మద ఎన్నడూ వినలేదు. నాంపల్లిలో సౌభాగ్యమ్మ గారి ముందుగదిలో, జంపఖానా మీద కూర్చున్న ఆడవాళ్లందరూ చూస్తుండగా, ఆమె ఒక కొత్త నవలను ఒళ్లో బోర్లా పెట్టుకొని, వంటింటి కత్తి మొనతో దాని వెన్నుమీది దారాలు ఒక్కొక్కటే తెంపింది. అట్ట ఊడి పక్కకు పడింది. నర్మదకు ఒళ్లు జలదరించింది. ఊళ్లో సర్కారుది కాని ఖాన్గీ బడి పంతులు పుస్తకానికి కాలు తగిలితేనే కళ్లకద్దుకొమ్మనేవాడు.

"ఏం జేద్దాం మరి?" అన్నది సౌభాగ్యమ్మ, అందరి మొహాలూ చూసి. "యుద్ధం వచ్చిన కాడికెల్లి కాయితమే దొరుకుతలేదంట. మద్రాసుకెల్లి ఒక్కటే ప్రతి పంపిన్రు. ఒకరెనుక ఒకరు చదువుకుంట పోతే ఆఖరామెకు అందేసరికి దసరా వస్తది. గిట్ల నాలుగు కట్టలు జేస్తే నలుగురం ఒక్కపారే చదువుకోవచ్చు."

"మరి నడిమి కట్ట వచ్చినామె మొదలు తెల్వకుండ ఎట్ల చదువుతది?" అన్నది విమల. ఆమె పక్కవీధి పంతులు గారి భార్య, ఏ మాటకైనా అడ్డుప్రశ్న వేయందే ఊరుకోదు.

"ఓపిక పట్టి చదువుతది."

సౌభాగ్యమ్మ వకీలు గారి భార్య. నాంపల్లి నుంచి, ఆబిద్ షాపు చుట్టుపక్కల నుంచి పుస్తకాలంటే ఇష్టమున్న ఆడవాళ్లు శుక్రవారం మధ్యాహ్నాలు ఆమె ఇంట్లో చేరేవాళ్లు. బొట్టు పెట్టడం, నానిన శనగలు పంచడం అయ్యాక, ఆమె గొంతు సవరించుకొని ఒక్కొక్కరినీ అదే ప్రశ్న అడిగేది: "ఇప్పుడేం చదువుతున్నరు?" చదువుతున్నది ఎంతవరకు వచ్చిందో అంతవరకు కథ చెప్పాలి. ముందు ఏమవుతుందో తెలిసినా చెప్పకూడదు. నోరు తెరిచి చెప్పనివాళ్లకు మరో పుస్తకం దొరకదు.

నర్మద ఈ మాటలన్నీ చిన్నమ్మ శంకరమ్మ వీపు వెనక నక్కి కూర్చొని విన్నది. చిన్నమ్మకు కాన్పయిందని, చంటివాణ్ణి ఎత్తుకోవడానికి మనిషి కావాలని ఉగాది వెళ్లగానే ఆ పిల్లను ఊరి నుంచి పిలిపించారు. పదిహేనేళ్ల పిల్ల. ఊళ్లో తెలుగొక్కటే చెప్పే ఖాన్గీ బడిలో చదువుకుంది కనుక ఎంత గట్టి తెలుగైనా నీళ్లు తాగినట్టు చదివేస్తుంది. కాని కొత్తవాళ్లు నలుగురు కనిపిస్తే నోరు పెగలదు.

మొదటి కట్టకు వసుమతి అందరికంటే ముందే చేయి చాచింది. ఆమెది ఆబిద్ షాపు వెనక గల్లీలో ఇల్లు, పాత హైదరాబాదు కుటుంబం. ముప్ఫై ఏళ్లుంటాయి. నవ్వితే పాన్ ఎరుపు కనిపిస్తుంది. రెండో కట్ట విమల తీసుకుంది. నాలుగోది సౌభాగ్యమ్మ తన దగ్గరే ఉంచుకుంది. "ముగింపు ఎవరి చేతిల పడ్డా ఆగరు. నేనైతే ఆగుత" అంటే, అందరూ మొహాలు చూసుకున్నారే కాని ఎవరూ ఎదురు చెప్పలేదు. మూడో కట్ట మాత్రం అందరి చేతులూ తిరిగి మళ్లీ ఆమె ముందుకే వచ్చింది.

"ఆ పిల్లకియ్యిండ్రి" అన్నది వసుమతి. "చంటోణ్ణి ఊపుకుంట చదువుతది."

అట్లా నర్మద చేతికి ఒక నవల మధ్యభాగం వచ్చింది.

మూడో కట్ట సగం వాక్యంతో మొదలైంది. "పారవైచి చంద్రమతి వెనుదిరిగి చూడక నడచిపోయెను. తాళపుచెవి బావినీట మునిగిన చప్పుడు ఆమె చెవులలో నిలిచియే యుండెను."

ఎవరీ చంద్రమతి? ఆ తాళపుచెవి ఏ తలుపుది? దాన్ని బావిలో ఎందుకు పారేసింది? నర్మద ఆ రెండు వాక్యాలూ చదివి, కట్ట మూసి, మళ్లీ తెరిచి చదివింది. పుస్తకం కొత్తది కాబట్టి కాగితాలు అంచుల దగ్గర మడతలతో కలిసే ఉన్నాయి. చిన్నాయన ఉత్తరాలు చింపే ఇత్తడి చాకుతో మడత కోసుకుంటూ ముందుకు వెళ్లాలి. కోసినకొద్దీ కొత్త సంగతులు వస్తున్నాయి. కాలువ గట్టున పెద్ద ఇల్లు, తాటిచెట్లు, పడవలు, చంద్రమతిని కన్నెత్తి చూడని అత్తగారు. అయితే ఏ సంగతి చూసినా దాని వేరు మాత్రం వెనక ఎక్కడో, మొదటి కట్టలో ఉంది.

ఉయ్యాల తాడు ఒక చేత్తో లాగుతూ, కట్ట ఒళ్లో పెట్టుకొని నర్మద పైకే చదివేది. ఊళ్లో అదే అలవాటు. పైకి చదవకపోతే చదివినట్టు ఉండదు. చిన్నమ్మ వంటింట్లోంచి కేకవేసేది. "ఏమే, పిల్లగాడు పండుకున్నడో లేడో చూసినవా? నీ చంద్రమతి ఏడికి పోదుగని."

రెండో శుక్రవారం నాడు వసుమతి చెప్పింది వింటూ అందరూ శనగలు నమలడం మానేశారు.

"చంద్రమతికి ఒక అన్న" అని మొదలుపెట్టింది ఆమె, చేతులు తిప్పుతూ. "ఇద్దరు పిల్లలుగ ఉండంగనే ఉర్సుల... అంటే జాతరల, ఆ పిల్లగాడు తప్పిపోయిండు. ఇగ ఈమె పెరిగి పెద్దగయ్యింది. దినాం పొద్దుగాల కోట బురుజు మీదికెక్కి పావురాలకు గింజలేస్తది. ఒకనాడు ఒక కొత్త పావురం వచ్చింది. తెల్లటిది. దాని కాలికి చిట్టీ కట్టి ఉన్నది."

"చిట్టీల ఏమున్నది?" అన్నారు ముగ్గురు నలుగురు ఒక్కసారే.

"గంతవరకే చదివిన" అని వసుమతి చేతులు ఒళ్లో పెట్టుకుంది. గదంతా అబ్బా అని నిట్టూర్చింది.

విమల తన కట్టలో నాలుగు పుటలు కూడా దాటలేదు, అత్తగారికి జ్వరమట. ఆ తరువాత సౌభాగ్యమ్మ కళ్లు శంకరమ్మ వీపు పక్కకు వచ్చి ఆగాయి. "ఏమమ్మా నర్మదా, నువ్వేం చదువుతున్నవ్?"

నర్మద చిన్నమ్మ వీపుకు ఇంకా దగ్గరగా జరిగింది. చెప్పాలనే ఉంది. అంతకంటే అడగాలని ఉంది. కోట ఎక్కడిది? తన కట్టలో కాలువ, పడవలు తప్ప కోట లేదే. పైగా ఒకచోట చంద్రమతి స్వయంగా అంటుంది, "నాకు తోబుట్టువు లెవ్వరును లేరు" అని. మరి ఆ అన్న? నర్మద పెదవులు కదిపింది. మాట రాలేదు. చంటివాడు కూడా ఆ క్షణాన ఏడవలేదు, ఏడిస్తే ఎత్తుకొని బయటికి పోయేదే.

"నోట్ల నాలుక లేదా పిల్లకు?" అన్నది సౌభాగ్యమ్మ, కోపంగా కాదు గాని గట్టిగానే. "వచ్చే శుక్రవారం గూడ చెప్పకపోతే నీకు ఇంకో కట్ట లేదు. చెప్తున్న. మనం ఇక్కడ కూసునేది ఎందుకు? ఈ ఊర్ల తెలుగు ఎట్లున్నది? కచ్చేరిల లేదు, బళ్లె లేదు. తెలుగింట్ల పుట్టి తెలుగు అక్షరం రాని ఆడోళ్లను చూస్తే నాకు తల తీసేసినట్లయితది. వచ్చినోళ్లన్న నోరు విప్పాలె గదా!"

వసుమతి వంగి, కింద పడిన శనగగింజ ఒకటి ఏరి పళ్లెం అంచున పెట్టింది.

ఇంటికి వచ్చాక నర్మద ఆ తోబుట్టువుల వాక్యాన్ని మళ్లీ మళ్లీ చూసింది. తనే తప్పు చదివిందేమో. కాదు, అచ్చులో అట్లాగే ఉంది. ఆ అన్న తరువాత చచ్చిపోయాడా? చచ్చిపోయినా, లేరు అని అట్లా అంటుందా? కోట అమ్ముకొని కాలువ గట్టుకు వచ్చారా? వచ్చే శుక్రవారం నోరు తెరవకపోతే ఈ సంగతులు ఎప్పటికీ తెలియవు. మొదటి కట్ట వేరేవాళ్ల చేతికి పోతుంది. ఆమె అద్దం ముందు నిలబడి "నేను ఇప్పుడు చదువుతున్నది" అని మొదలుపెట్టి చూసింది. అద్దంలో మొహాన్ని చూసినా సిగ్గే వేసింది.

మర్నాడు శంకరమ్మ వసుమతి ఇంటి నుంచి తెచ్చిన ఇత్తడి గిన్నె తోమిస్తూ, "ఇది ఎవరితోనన్న పంపాలె" అంటే, "నేను ఇచ్చొస్త చిన్నమ్మా" అన్నది నర్మద.

శంకరమ్మ చేయి ఆగిపోయింది. "నువ్వా? మొన్న పక్కింటికి పెరుగుకు పొమ్మంటె గడప దాటలే!"

"ఇచ్చొస్త."

కొంగు నిండా కప్పుకొని, గిన్నె చంకన పెట్టుకొని, టాంగాల పక్కనుంచి ఒదిగి ఒదిగి నడిచి, మొజంజాహీ మార్కెట్ దగ్గర మామిడిపళ్ల వాసన పీలుస్తూ కూడా ఆగకుండా, దారి ఒక్కచోట కూడా అడగలేక రెండుసార్లు తప్పి, ఎట్లాగో ఆబిద్ షాపు వెనక గల్లీ పట్టుకుంది.

వసుమతి ఇంట్లో ఒక్కతే ఉంది. "అరె, నువ్వా! రా బేటా, జర కూసో. ఎండల వచ్చినవ్, షర్బత్ తెస్త" అని గిన్నె తీసుకొని లోపలికి వెళ్లింది.

గదిలో ఒక బల్ల ఉయ్యాల, దాని మీద బోర్లించిన ఒక పుస్తకం. గోడ గూట్లో తమలపాకుల పెట్టె, పాన్‌దాన్. పాన్‌దాన్ కింద మొదటి కట్ట.

నర్మద గుమ్మం వైపు ఒకసారి చూసింది. ఇతరుల ఇంట్లో వస్తువు ముట్టుకోకూడదని తెలుసు. కాని చేయి ఆగలేదు. పాన్‌దాన్ మెల్లగా జరిపి కట్ట తీసింది. ముందు పుట చూసింది. రెండో పుట చూద్దామని వేలు పెడితే వేలు పోలేదు. అంచు మడత కోయలేదు. ఇంకొన్ని తిప్పింది. అవీ కోయలేదు. కట్ట మొత్తంలో ఒక్క మడత కూడా కోయలేదు.

షర్బత్ గ్లాసుతో వసుమతి గుమ్మంలో నిలబడింది.

వేరే సమయమైతే నర్మద సిగ్గుతో చచ్చిపోయేది. కాని ఆ క్షణాన తెలుసుకోవాలన్న ఆత్రం తప్ప ఇంకేమీ లేదు. పట్నం వాళ్లకు తనకు తెలియని విద్య ఏదో ఉందనే అనుకుంది.

"కొయ్యకుండ ఎట్ల చదివినవక్కా?" అని అడిగింది. "నాకు గూడ చూపియ్యి."

వసుమతి ఆమెనే చూసింది. ఆ పిల్ల మొహంలో ఎత్తిపొడుపు ఇసుమంతైనా లేదు. ఆ తరువాత ఉయ్యాల మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకొని, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"కొయ్యకుండ చదువుడు కాదే తల్లీ. కోసినా చదవరాదు నాకు."

"అంటే?"

"నాకు తెలుగు అక్షరం రాదు. మా నాయన మున్షీ. మా ఇంట్ల అందరిది ఉర్దూ చదువే. ఫార్సీ బైతులు, పద్యాలు గూడ చెప్త, ఇంటవా? తెలుగు నోటితోని మాట్లాడుత, అంతే." ఆమె ఉయ్యాల మీది పుస్తకం ఎత్తి చూపింది. "గిది చదువుతున్న. దుకాణంల కిరాయికిస్తరు. ఆ అన్న, పావురం, కోట... అన్ని గిండ్లనే ఉన్నయ్."

"మరి శుక్రవారం..."

"నేనేం అబద్ధం చెప్పిన?" వసుమతి వేళ్లు తిప్పింది. "ఇప్పుడేం చదువుతున్నరు అని గదా అడుగుతది? నేను చదువుతున్నదే చెప్పిన. ఆ పిల్ల పేరొక్కటి, మీ చిన్నమ్మ నోట విని, చంద్రమతి అని మార్చిన. మొదల్ల నవ్వులాటకే అనుకున్న. ఎట్లనన్న ఎవరితోనన్న చదివిచ్చుకుందామని కట్ట తీసుకున్న. ఇగ నిన్న సౌభాగ్యమ్మ అన్నది విన్నవ్ గదా. తల తీసేసినట్లయితదంట. ఇప్పుడెట్ల చెప్పాలె?" నవ్వు అక్కడ ఆగిపోయింది.

నర్మద గ్లాసు రెండు చేతులా పట్టుకొని ఆలోచించింది. "అయితే అన్న మన పుస్తకంల లేడా?"

"లేడు."

"కోట?"

"లేదు."

ఆమెకు చెప్పలేనంత నిరాశ వేసింది. ఇన్నాళ్లూ కాలువ గట్టుకూ కోటకూ ముడివేయాలని ఎంత తంటాలు పడింది! "మరి చిట్టీల ఏమున్నదక్కా?"

వసుమతి మొహం వెలిగింది. ముందుకు వంగి, గుసగుసగా చెప్పింది. నర్మద కళ్లు పెద్దవి చేసుకొని విన్నది. ఆ పైన తనే కట్ట ముందుకు తోసి, "నేను చదువుత, నువ్వు ఇను. చాకున్నదా?" అన్నది.

పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుంటే ఆ పిల్ల మనిషే మారిపోయింది. చంద్రమతి పెళ్లి, కాలువలో పడవ మీద అత్తవారింటికి రావడం, వాకిట్లో దిగగానే అత్తగారు కోడలి మొహం చూడకముందే ఆమె చేతులు చూడడం, అన్నీ గొంతు మారుస్తూ చదివింది. మడత వచ్చినప్పుడల్లా వసుమతి చాకు అందుకొని కోసేది. "ఆ ముసల్దాని నడుముకు తాళపుచెవి ఉన్నదా? ఏ గదిది?" అని ఆపి ఆపి అడిగేది.

"పెరటి వైపు గదిది. కోడలు ఆ దిక్కు పోవద్దంట."

"ఏముంటది గదిల? బంగారమా?"

"బంగారమైతే కోడలికి చెప్తది గదా. మనిషిని పెట్టిందేమో."

"అయ్యో, మనిషినా!"

కట్ట సగానికి వచ్చేసరికి గల్లీలో సైకిలు గంట మోగింది. వసుమతి భర్త దఫ్తర్ నుంచి వచ్చే వేళ. ఇద్దరూ దొంగల్లా కట్టను పాన్‌దాన్ కిందికి తోశారు. తిరిగి వెళ్లే దారి పొడుగునా నర్మద ఆ గది గురించే ఆలోచించింది. వారమంతా మళ్లీ వెళ్లడానికి వీలు చిక్కలేదు, చంటివాడికి పొట్ట బాగాలేదు.

మూడో శుక్రవారానికి ఆమె నాలుగు వాక్యాలు కంఠతా పట్టుకొని వచ్చింది. తన వంతు రాగానే కళ్లు మూసుకొని అప్పజెప్పేస్తే చాలు, మొదటి కట్ట అడిగే హక్కు వస్తుంది. గదిలో ఏముందో తెలుస్తుంది.

కాని ముందు విమల వంతు వచ్చింది. ఈసారి ఆమె కట్టంతా చదువుకొని వచ్చింది.

"నాకొకటి సమజైతలేదు" అన్నది, వసుమతి వైపు తిరిగి. "నా కట్టల చంద్రమతి ఒంటిబిడ్డ. తల్లికి ఒక్కతే సంతానమని మొగడే అంటడు. మరి నువ్వు చెప్పిన అన్న ఏడికి పోయిండు వసుమతమ్మా? పావురం ఎత్తుకపోయిందా?"

ఒకరిద్దరు నవ్వారు. వసుమతి నవ్వలేదు.

"కట్ట ఇటియ్యి" అన్నది సౌభాగ్యమ్మ. వసుమతి దగ్గరి మొదటి కట్ట తీసుకొని పుటలు తిప్పింది. సగం వరకు తిరిగి, అక్కడ ఆగింది. "ఇక్కడికెల్లి కొయ్యనే లేదు. కోసినంతల అన్న మాట లేదు, పావురం మాట లేదు. పోయిన శుక్రవారం గంత కథ ఎక్కడిది?"

వసుమతి తల వంచుకొని కొంగు అంచును వేలికి చుట్టుతూ, విప్పుతూ ఉంది. ఎప్పుడూ అంత మాటకారి, ఇప్పుడు ఒక్క మాట దొరకనట్టు కూర్చుంది. నర్మదకు ఆ కూర్చోవడం బాగా తెలుసు. పోయిన వారం తను కూర్చున్నది అట్లాగే.

"ఆ అన్న వేరే పుస్తకంల ఉన్నడు."

ఎవరన్నారా అని శంకరమ్మ వెనక్కు తిరిగి చూసింది. తన వీపు వెనకనుంచే వచ్చింది ఆ మాట. నర్మద శనగల పళ్లెం మీదినుంచి చూపు ఎత్తకుండా, గబగబా చెప్పుకుపోయింది. "అబద్ధం కాదు. ఆ పుస్తకం నేను చూసిన. చిట్టీల ఏమున్నదో గూడ నాకెరుకే. అది ఉర్దూ పుస్తకం."

చివరి మాట నోరు దాటాక గాని తనేం చేసిందో తెలియలేదు. కాపాడుదామనుకున్నది కాస్తా బయట పెట్టేసింది. వసుమతి మొహం చూసే ధైర్యం లేకపోయింది.

"ఉర్దూ పుస్తకమా?" అన్నది సౌభాగ్యమ్మ.

"చిట్టీల ఏమున్నది?" అన్నది విమల అదే క్షణాన, ఆపుకోలేక.

"ఔ, ఉర్దూ పుస్తకమే" వసుమతి తలెత్తింది. "పిల్లను ఏమనకుండ్రి. నాకు తెలుగు అక్షరం రాదు సౌభాగ్యమ్మా. మీరన్న ఆడోళ్లల్ల నేనొకదాన్ని. మొదట్ల చెప్పలే, తర్వాత చెప్పే మొహం లేకపాయె."

సౌభాగ్యమ్మ చేతిలో కట్ట అటూ ఇటూ తిప్పింది. "మరి గీ సగం కోసిందెవరు?"

"మేమే" అన్నది నర్మద. "నేను, వసుమతక్క చదివినం."

"నువ్వు చదివినవ్. ఆమె విన్నది. అది అను."

నర్మదకు ఆ తేడా అర్థం కాలేదు. నిజంగానే అర్థం కాలేదు. అందుకే తలెత్తి అడిగింది. "వేరు వేరా? మా ఊర్ల గట్లనరు. ఒక్కటే పుస్తకముంటది. నేను చదువుత. దంచేటోళ్లు దంచుతరు, చెరిగేటోళ్లు చెరుగుతరు. ఎవరన్న వచ్చి ఏం చేస్తున్నరంటే, పుస్తకం చదువుతున్నం అంటరు అందరు. మా అమ్మమ్మకు ఒక్క అక్షరం రాదు. గాజులమ్మెటామె వస్తే, ఈ నెల మేం ఫలానా పుస్తకం చదువుతున్నం, నిరుడు చదివినంత మంచిగ లేదు అంటది."

గదంతా గొల్లుమంది. నర్మద ఎందుకు నవ్వుతున్నారో తెలియక బిక్కమొహం వేసింది.

"ఔ, నిజమే" అన్నది శంకరమ్మ. ఆమె ఈ కూటంలో శనగలు తినడానికి తప్ప నోరు తెరిచిన పాపాన పోలేదు. "మా అమ్మ గట్లనే అంటది. మా ఊర్ల అందరు అంటరు." ఒక క్షణం ఆగి, పొయ్యి మీద పాలు చూసినంత మామూలుగా, "ఆ లెక్కన నేను గూడ మూడో కట్ట చదువుతున్న. ఆ అత్త కోడలికి గంజి గూడ పొయ్యకపోవుడు నాకేం నచ్చలే" అన్నది.

నర్మద ఆశ్చర్యంగా చిన్నమ్మ వీపును చూసింది. వంటింట్లో చప్పుడు ఎందుకు ఆగుతుండేదో ఇప్పుడు తెలిసింది.

సౌభాగ్యమ్మ నవ్వలేదు. నవ్వు ఆపుకుంటున్నదో, కోపం ఆపుకుంటున్నదో ఎవరికీ తెలియలేదు. పళ్లెం వసుమతి ముందుకు జరిపింది. "ఆ దినం నేను జర ఎక్కువే అన్న" అన్నది, పళ్లేనికి చెప్పినట్టు. "నేర్చుకుంటవా మరి?"

"నేర్పేటోళ్లుంటే."

"ఉన్నది గదా నీ పక్కన. నోరు గూడ ఉన్నదని ఇయ్యాల తెలిసింది." ఆమె కట్ట నర్మద వైపు చాచి, పిల్ల చేయి అందుకోబోయేసరికి వెనక్కు తీసింది. "ఇను. ఇద్దరి పేర ఒక్కటే కట్ట. ఇంట్ల ఒక్కదానివే కూసోని ముందు చదివేసుకుంటే నడువది. ఆమె తోనే చదవాలె."

"మరి చిట్టీ?" అన్నది విమల.

"వచ్చే శుక్రవారం వసుమతే చెప్తది. ఏ పుస్తకమో పేరు సుత చెప్తది."

మర్నాడు చిన్నమ్మ ఇంకా పొమ్మనకముందే నర్మద చెప్పులేసుకుంది. ఆబిద్ షాపు గల్లీలో వసుమతి గుమ్మం దగ్గరే చాకుతో నిలబడి ఉంది. మిగిలిన సగం ఆగకుండా చదివారు. అత్తగారు తాళపుచెవి మరచి ఊరికి వెళ్లిన నాడు చంద్రమతి పెరటి గది తాళం తీసింది. నర్మద ఇంకా గబగబా చదివింది. వసుమతి మడత కోస్తూ వేలు కోసుకోబోయింది.

గదిలో ఏమీ లేదు. నాలుగు గోడలు, ఊడ్చిన నేల. అంతే. అక్కడితో కట్ట అయిపోయింది.

"ఏమీ లేదా?" అన్నది వసుమతి. "ఖాళీ గదికి ముసల్ది అన్నేండ్లు తాళమెందుకు వేసింది?"

"ఊడ్చి ఉన్నదంటే దినాం ఎవరో ఊడుస్తున్నరు" అన్నది నర్మద మెల్లగా. "ఆ తాళపుచెవినే చంద్రమతి బావిల వేసింది. ఎందుకు వేసిందో రెండో కట్టల ఉంటది."

"విమల దగ్గర. ఆమెను అడిగితే పెండ్లిమాటలు మాట్లాడినట్లు వంద ప్రశ్నలేస్తది." వసుమతి విసుగ్గా పాన్‌దాన్ మూత వేసి, అంతలోనే ఉయ్యాల మీది తన పుస్తకం అందుకుంది. "నువ్వు చదివినవ్. ఇప్పుడు నా వంతు. ఉర్సుల అన్న ఎట్ల తప్పిపోయిండో మొదటికెల్లి చదువుత, ఇను."

నర్మద దగ్గరికి జరిగి కూర్చుంది. వసుమతి తెరిచిన పుట చూసి ఆ పిల్ల కనుబొమలు ముడివేసింది. "గిది ఆఖరు పుట గదా అక్కా?"

"ఆఖరు కాదే. గిదే మొదలు."

నర్మద తల వంచి చూసింది. చీమలు వరస కట్టినట్టు గీతలు, పైన చుక్కలు, కింద చుక్కలు. ఎక్కడ అక్షరం మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియలేదు. వేలు తీసుకువెళ్లి ఎడమ చివర పెట్టింది. వసుమతి ఆ వేలు పట్టుకొని కుడివైపుకు జరిపింది.

"గీడికెల్లి" అన్నది.

"గిది ఏం అక్షరమక్కా?" అన్నది నర్మద, వేలు తీయకుండా.